రేడియోలో ఛార్జింగ్ బ్యాటరీ ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో రేడియో ఇంకా మోగుతూనే ఉంది. కటక్ నుంచి ఒడియా వార్తలు, విశాఖ కేంద్రం నుంచి తెలుగు కార్యక్రమాలు రెండూ వినే పెద్దవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. రేడియోలు బాగుచేయడం మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. "పాడైపోయింది" అంటూ నా దగ్గరికి తెచ్చే రేడియోల్లో ఎక్కువ వాటికి రోగం బ్యాటరీ దగ్గరో, ఛార్జింగ్ పెట్టే పద్ధతిలోనో ఉంటుంది. రేడియో నిక్షేపంగా ఉంటుంది. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. రెండు మూడు వందల రూపాయలకు దొరికే చిన్న మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) ఇంట్లో ఉంటే ఇందులో సగం పరీక్షలు మీరే చేసుకోవచ్చు.

## కొనే ముందు

షాపులో ఛార్జింగ్ బ్యాటరీ కావాలంటే "ఏ రకం?" అని అడిగారు. నాకెలా తెలుస్తుంది?

రేడియో వెనక మూత తీసి చూడండి. మన దగ్గర దొరికే రేడియోల్లో నాలుగు రకాలు కనిపిస్తాయి. పాత నోకియా ఫోన్లలో ఉండే పలకలాంటి బ్యాటరీ ఒకటి. దాని మీద బీఎల్-5సీ అని, 3.7 వోల్టులు అని ఉంటుంది. రెండోది పెన్సిల్ సెల్ కంటే లావుగా, బొటనవేలంత ఉండే గుండ్రటి లిథియం సెల్. దీన్ని 18650 అంటారు, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. మూడోది చూడటానికి మామూలు పెన్సిల్ సెల్‌లాగే ఉండి, మీద 1.2 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని రాసి ఉండేది. నాలుగోది నల్లటి ఇటుక ముక్కలాంటి 4 వోల్టుల లెడ్ బ్యాటరీ. ఇది పాత ఎమర్జెన్సీ లైటు కలిసిన రేడియోల్లో వస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి వేయడం కుదరదు. పాత బ్యాటరీని జేబులో వేసుకుని షాపుకి వెళ్లడం అన్నిటికంటే సులువు.

సంతలో 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 సెల్ చవగ్గా ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె. ఆ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్స్ సుమారు 3500 ఎంఏహెచ్ దగ్గర ఉంటాయి. 9900 అని ముద్రించడమే అది నకిలీ అని చెప్పడానికి చాలు. చేత్తో పట్టుకున్నా తేడా తెలుస్తుంది. అసలు సెల్ 45 గ్రాముల దాకా తూగుతుంది, నకిలీది తేలిగ్గా ఉంటుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్స్‌కి కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మడం కూడా చూశాను. 2000 అని నిజాయితీగా రాసి ఉన్న సెల్ వీటికంటే ఎక్కువసేపు పాడుతుంది. పెన్సిల్ సెల్స్‌లోనూ ఇంతే. ఛార్జింగ్ రకం పెన్సిల్ సెల్ మీద 2500కి చాలా ఎక్కువ అంకె కనిపిస్తే నమ్మవద్దు.

మామూలు సెల్ 1.5 వోల్టులు, ఛార్జింగ్ సెల్ 1.2 వోల్టులే కదా. రేడియో బలహీనంగా పాడదా?

చాలా రేడియోలు బాగానే పాడతాయి. మామూలు సెల్ 1.5 దగ్గర మొదలైనా, వాడుతున్నకొద్దీ మెల్లగా దిగుతూ పోతుంది. ఛార్జింగ్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 1.4 దాకా ఉండి, వెంటనే 1.2కి వచ్చి, అక్కడే చాలాసేపు నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే బ్యాటరీ గుర్తు మొదటి రోజు నుంచే సగం చూపిస్తుంది. ఆ గుర్తు మామూలు సెల్స్ లెక్కకి పెట్టింది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. నాలుగు సెల్స్ వేసే కొన్ని పాత సెట్లు మాత్రం 6 వోల్టుల బదులు 4.8 వస్తే పెద్ద సౌండ్ దగ్గర గొంతు బొంగురు పోయినట్టు పాడతాయి. వాటికి మామూలు సెల్స్ వాడటమే మంచిది.

పెన్సిల్ సెల్ సైజులోనే 3.7 వోల్టుల ఛార్జింగ్ సెల్ దొరికింది. అది వేస్తే ఇంకా బాగా పాడుతుందా?

వేయకండి. రెండు సెల్స్ రేడియోకి 3 వోల్టులు కావాలి. ఇవి రెండు వేస్తే 7.4 వోల్టులు వెళ్తాయి, నిండుగా ఛార్జ్ అయి ఉంటే 8.4. లోపల ఐసీ (రేడియోని నడిపే చిప్) కాలిపోతుంది. అలా కాలిన సెట్లలో చాలావాటిని నేను కూడా బాగుచేయలేకపోయాను. సైజు సరిపోయిందంటే వోల్టేజీ సరిపోయినట్టు కాదు. సెల్ మీద 1.2 అని ఉందో లేదో చూసి మరీ తీసుకోండి.

## ఛార్జింగ్ పెట్టేటప్పుడు

ఎన్ని గంటలు ఛార్జింగ్ పెట్టాలి?

బ్యాటరీ మీద ఎంఏహెచ్ అంకె, ఛార్జర్ మీద ఎంఏ అంకె (ఎంత కరెంటు ఇస్తుందో చెప్పేది) చూసుకోండి. చిన్న ఛార్జర్‌తో మెల్లగా పెట్టే పెన్సిల్ సెల్స్‌కి లెక్క ఇలా ఉంటుంది: 2000 ఎంఏహెచ్ సెల్‌ని 200 ఎంఏతో పెడితే 14 నుంచి 16 గంటలు. సరిగ్గా భాగిస్తే 10 గంటలే రావాలి కానీ, కొంత కరెంటు వేడిగా పోతుంది. ఆటోమేటిగ్గా ఆగని ఛార్జర్ అయితే ఈ టైము గోడ మీదో పుస్తకంలోనో రాసి పెట్టుకోండి, మర్చిపోయి రెండు రోజులు వదిలేస్తే సెల్ ఎండిపోతుంది. లిథియం బ్యాటరీ ఉన్న రేడియో తనంతట తానే ఆపుకుంటుంది. 1000 ఎంఏహెచ్ బీఎల్-5సీకి 500 ఎంఏ ఛార్జింగ్ అయితే రెండున్నర, మూడు గంటలు చాలు.

కొత్త బ్యాటరీని మొదట 12 గంటలు పెట్టాలా? పూర్తిగా అయిపోయాకే పెట్టాలంటారు, నిజమా?

ఈ రెండు మాటలూ పాత నికెల్ కాడ్మియం సెల్స్ కాలం నుంచి వచ్చాయి. సగం వాడి మళ్లీ మళ్లీ నింపితే ఆ సెల్స్ "అలవాటు పడేవి", అంటే తర్వాత ఆ సగమే ఇచ్చేవి. లిథియంకి అలాంటి జబ్బు లేదు. దాన్ని ప్రతిసారీ అడుగంటా వాడటమే దానికి చేటు. సగానికి వచ్చినప్పుడు పెట్టేయండి, ఆయుష్షు పెరుగుతుంది. పెన్సిల్ రకం కొత్త సెల్స్, లేదా నెలల తరబడి పక్కన పడి ఉన్నవి, మొదటిసారి తక్కువసేపు పాడితే బాధపడకండి. రెండు మూడుసార్లు నింపి వాడితే బలం తిరిగి వస్తుంది.

ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌తో పెడితే రేడియో కాలిపోతుందా? మా ఇంట్లో వైరు రెండు వైపులా టైప్-సీ. పెడితే దీపమే వెలగడం లేదు.

మంచి ఫోన్ ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది. ఎదుటి వస్తువు అడిగితేనే పెంచుతుంది. రేడియో అడగదు, కాబట్టి కాలదు. ఛార్జర్ మీద 33 వాట్లు, 65 వాట్లు అని ఉన్నా రేడియో తనకు కావలసినంతే తీసుకుంటుంది. చవక ఛార్జర్లకు మాత్రం ఈ భరోసా ఇవ్వలేను.

రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరుతో వచ్చే ఇబ్బంది వేరు. ఆ ఛార్జర్ కరెంటు వదలాలంటే రేడియో లోపల రెండు చిన్న రెసిస్టర్లు ఉండాలి. చవక రేడియోల్లో అవి పెట్టరు. ఛార్జర్‌కి అవతల ఏదో ఉందని తెలియక కరెంటే పంపదు. బ్యాటరీ బాగుంటుంది, వైరు బాగుంటుంది, ఛార్జర్ బాగుంటుంది, అయినా ఛార్జ్ కాదు! ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, రెండో వైపు టైప్-సీ ఉన్న వైరు వాడండి, వెంటనే దీపం వెలుగుతుంది.

గుండ్రటి పిన్ ఉన్న పాత అడాప్టర్ దూరింది. పెట్టేయవచ్చా?

దూరినంత మాత్రాన పెట్టకండి. రేడియో వెనక, అడాప్టర్ మీద రెండు చోట్లా వోల్టులు ఒకటేనా చూడండి. తర్వాత ఒక చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, చుట్టూ అర్ధచంద్రం, పక్కన ప్లస్, మైనస్. ఆ బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉండాలి. పాత రేడియోల్లో మధ్య పిన్ మైనస్‌గా ఉన్నవి చాలా వచ్చాయి, ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ ప్లస్. తిరగబడితే ఒక్క సెకనులో సెట్ పోవచ్చు.

వైరు పెడితే ఎర్ర దీపమే రావడం లేదు. బ్యాటరీ పోయినట్టేనా?

ముందు వైరుని అనుమానించండి. అదే వైరు, అదే ఛార్జర్‌తో ఫోన్ ఛార్జ్ అవుతోందా? అయితే రేడియో పోర్టులో దూది, దుమ్ము పేరుకుందేమో టార్చి వేసి చూసి, పొడి పుల్లతో మెల్లగా తీయండి. పిన్ను కదిపితే దీపం వెలిగి ఆరుతోందంటే పోర్టు దగ్గర టంకం పగిలింది. పది నిమిషాల పని, ఏ మొబైల్ షాపులోనైనా చేస్తారు.

ఇవేవీ కాకపోతే బ్యాటరీ వోల్టేజీ కొలవండి. లిథియం 2.5 వోల్టుల దగ్గరికి దిగినప్పుడు లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది, మీటర్ సున్నా చూపించవచ్చు. అరగంట ఛార్జింగ్‌లో వదిలితే చాలాసార్లు మేలుకుంటుంది. కానీ నెలల తరబడి అడుగంటి పడి ఉన్న బ్యాటరీని ఎలాగైనా లేపాలని వేరే బ్యాటరీతో నేరుగా వైర్లు కలపకండి. లోపల రాగి కరిగి, తిరిగి పేరుకుని షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కొత్తది కొనడమే క్షేమం.

ఎర్ర దీపం ఎంతసేపటికీ ఆకుపచ్చకి మారడం లేదు.

రేడియో ఆన్‌లో పెట్టి ఛార్జ్ చేస్తున్నారా? కరెంటు బాగా తగ్గినప్పుడే "నిండింది" అని ఛార్జింగ్ ఐసీకి తెలుస్తుంది. రేడియో పాడుతుంటే కరెంటు తగ్గదు, కాబట్టి దీపం మారదు. ఆపేసి పెట్టండి. ఆపినా ఆరేడు గంటలకూ మారకపోతే, బ్యాటరీ వేడెక్కుతుంటే, దాని పని అయిపోయింది.

పొరపాటున మామూలు సెల్స్ వేసి ఛార్జింగ్ పెట్టేశాను!

వెంటనే వైరు తీసేయండి. వేడిగా ఉంటే చల్లారాక, చేతికి గుడ్డ చుట్టుకుని సెల్స్ బయటికి తీయండి. మామూలు సెల్‌లోకి కరెంటు ఎక్కిస్తే లోపల గ్యాస్ పుట్టి కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కొన్ని రేడియోల్లో సెల్స్ కింద మామూలువా, ఛార్జింగ్‌వా అని ఎంచుకునే చిన్న స్విచ్ ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది ఏ వైపు ఉందో అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

## వాడుతున్నప్పుడు

ఛార్జింగ్ పెట్టి వింటే విశాఖ స్టేషన్ మీద గుర్రుమని ఒకటే గోల. వైరు తీస్తే ఆగుతోంది.

రేడియోకి ఏ జబ్బూ లేదు. ఫోన్ ఛార్జర్ లోపల కరెంటు సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతుంది. ఆ అలలు మీడియం వేవ్ దాకా పాకుతాయి. విశాఖ 927, జయపురం 1467, కటక్ 972 కిలోహెర్ట్జ్, అన్నీ ఆ పట్టీలోనివే. ఎఫ్ఎంకి ఈ బాధ తక్కువ. వినేటప్పుడు వైరు తీసేయండి, విననప్పుడు ఛార్జ్ చేయండి. వైరు తీసినా గోల ఉంటే గదిలో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ ఒక్కొక్కటీ ఆపి చూడండి, దొంగ దొరుకుతాడు.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను, దీపం కూడా ఆరింది. పొద్దున అరగంట పాడి ఆగిపోయింది. కొత్త బ్యాటరీ కొనాలా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. తొందరపడి కొనకండి, ముందు కొలవండి.

ఛార్జింగ్ తీసి ఒక గంట ఆగి వోల్టేజీ చూడండి. లిథియం అయితే 4.1 నుంచి 4.2, పెన్సిల్ రకం అయితే ఒక్కో సెల్ 1.35 పైన ఉండాలి. అంతకంటే బాగా తక్కువ ఉంటే బ్యాటరీ నిండనే లేదు, ఛార్జర్ వైపు వెతకాలి. సరిగ్గా ఉంటే రేడియోని మీరు రోజూ వినే సౌండ్‌లో పది నిమిషాలు పాడించి, పాడుతుండగానే మళ్లీ కొలవండి. లిథియం అప్పటికే 3.5 కిందికి జారిందంటే ముసలిదైపోయింది. పెన్సిల్ సెల్స్‌లో మిగతావి 1.25 ఉండి ఒకటి మాత్రం 1 వోల్టుకి పడిందంటే దోషి అదొక్కటే. లిథియం బ్యాటరీ మూడు నుంచి ఐదు వందలసార్లు నింపేసరికి సహజంగానే నీరసిస్తుంది. వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది.

వోల్టేజీ నిలకడగా ఉండి రేడియో మాత్రం ఆగుతోందా? అయితే స్ప్రింగులు, పలకలు, స్విచ్ చూడాలి. గుణుపురం నుంచి ఒక మామ్మగారు మూడు బ్యాటరీలు మార్చాక రేడియోని మనవడి చేత నా దగ్గరికి పంపారు. స్ప్రింగు పైన తళతళలాడుతోంది కానీ, అడుగున రివెట్ దగ్గర తుప్పు. గరుకు కాగితంతో రుద్ది, చిన్న టంకం పెట్టాను. ఆ మూడు బ్యాటరీలూ బాగానే ఉన్నాయి. ఆవిడ పెన్షన్ డబ్బులో కొన్నవి అవి. అప్పటి నుంచి మీటర్ పెట్టకుండా ఎవరికీ బ్యాటరీ కొనమని చెప్పడం లేదు.

సౌండ్ పెంచగానే రేడియో ఆగి మళ్లీ మొదలవుతోంది. తగ్గిస్తే బాగుంటోంది.

బ్యాటరీ లోపలి నిరోధం పెరిగింది, లేదా కాంటాక్టులు మురికిపట్టాయి. చిన్న సౌండ్‌కి కావలసినంత ఇవ్వగలదు, పెద్ద సౌండ్‌కి ఒక్కసారిగా అడిగితే వోల్టేజీ కుంగుతుంది. ముందు కాంటాక్టుల్ని పెన్సిల్ రబ్బరుతో గట్టిగా తుడవండి. గోపాలపురం, సోనపురం వైపు ఉప్పుగాలికి ఇది నెలకోసారి చేసినా తప్పు లేదు. అప్పటికీ తగ్గకపోతే బ్యాటరీ మార్చండి.

మూడు పాత సెల్స్‌తో ఒక కొత్తది వేస్తే సరిపోదా?

సరిపోదు. వరసలో ఉన్న సెల్స్‌లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగతావి దాని గుండా కరెంటుని నెడుతూనే ఉంటాయి, దాని ప్లస్ మైనస్ తిరగబడి అది పాడవుతుంది. జతగా కొని, జతగా నింపి, జతగా వాడండి. పెన్నుతో నంబర్లు వేసుకుంటే కలిసిపోవు.

వాడకుండా అల్మరాలో పెట్టినా బ్యాటరీ అయిపోతోంది.

గడియారం, స్టేషన్ మెమరీ ఉన్న సెట్లు ఆపినా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. మామూలు నికెల్ పెన్సిల్ సెల్స్ అయితే ఊరికే పెట్టినా తమంతట తామే నెలలో గణనీయంగా దిగిపోతాయి. 2005 చివర్లో జపాన్‌లో సాన్యో తెచ్చిన ఎనిలూప్ రకం సెల్స్‌తో ఈ బాధ చాలా తగ్గింది. కవర్ మీద "లో సెల్ఫ్ డిశ్చార్జ్" అనో, "రెడీ టు యూజ్" అనో ఉన్నవి తీసుకోండి. ఎక్కువకాలం వాడనప్పుడు సెల్స్ బయటికి తీసి పెట్టండి. లిథియంని సగం నింపి పక్కన పెట్టి, మూడు నెలలకోసారి చూడండి.

## పాడయ్యాక

పలక బ్యాటరీ ఉబ్బింది, వెనక మూత పట్టడం లేదు. నొక్కి మూసేయవచ్చా?

వద్దు. దయచేసి నొక్కకండి, సూదితో పొడవకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. లోపల మండే గ్యాస్ చేరింది. మెల్లగా బయటికి తీసి, ఇసుక ఉన్న మట్టి కుండలో, ఇంటి బయట నీడలో పెట్టండి. పొగ వస్తే దూరంగా జరగండి, ఆ పొగ పీల్చకూడదు. ఛార్జింగ్‌లో ఉండగా మంట వస్తే ముందు మెయిన్ ఆపి, దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయండి. 2007లో నోకియా సంస్థ బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక తయారీదారు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలకు, ఛార్జింగ్‌లో వేడెక్కే అవకాశం ఉందని హెచ్చరించి మార్చి ఇస్తామంది. పేరున్న సరుకుకే అంత జాగ్రత్త అవసరమైతే, ఊరూపేరూ లేనిదాని విషయంలో ఇంకెంత ఉండాలి!

సెల్స్ కారి లోపలంతా తెల్లటి పొడి. రేడియో బతుకుతుందా?

చాలావరకు బతుకుతుంది. పొడిని ఊదకండి, కళ్లలో పడుతుంది. ఆల్కలైన్, నికెల్ సెల్స్ కారింది క్షారం. దానికి నిమ్మరసమో వెనిగరో దూదిపుల్లకి అద్ది తుడవాలి, బుసబుసమంటుంది. మామూలు చవక జింక్ సెల్స్ కారింది ఆమ్ల గుణం ఉన్నది. దానికి నీళ్లలో కలిపిన తినే సోడా. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. పచ్చగా తిన్న స్ప్రింగు మార్చేయడమే మేలు, ఏ పాత టార్చిలోదైనా సరిపోతుంది.

18650 సెల్ మార్చాలి. నేనే టంకం పెట్టుకోవచ్చా?

హోల్డర్‌లో ఉంటే మీరే మార్చండి, ప్లస్ మైనస్ చూసుకుంటే చాలు. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్స్ కొన్ని మిల్లీమీటర్లు పొడవుగా ఉండి హోల్డర్‌లో పట్టకపోవచ్చు. వైర్లు అతికించి ఉంటే మాత్రం సెల్ ఒంటి మీద నేరుగా టంకం పెట్టకండి, ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటుంది. రెండు చివర్లా నికెల్ పట్టీ వెల్డింగ్ చేసి ఉన్న సెల్ అడిగి తెచ్చుకుని, ఆ పట్టీకి టంకం పెట్టించండి.

4 వోల్టుల నల్ల బ్యాటరీ ఒక వానాకాలం వాడలేదు. ఇప్పుడు ఛార్జ్ పట్టడం లేదు.

లెడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తిరిగి రావడం అరుదు. కొత్తది వేశాక వాడినా వాడకపోయినా రెండు నెలలకోసారి నింపండి.

పాత బ్యాటరీలు ఎక్కడ పారేయాలి?

చెత్తబుట్టలో, పొయ్యిలో, వంశధారలో వద్దు. దేశంలో 2022 నుంచి అమల్లో ఉన్న బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వీటిని ఇంటి చెత్తతో కలపకూడదు, తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. రెండు చివర్లకూ టేపు అంటించి డబ్బాలో దాచి, కొత్తది కొనేటప్పుడు షాపులో తీసుకుంటారేమో అడగండి.

## తుఫాను రోజులకు

పవర్ బ్యాంక్ నిండుగా ఉంది, రేడియోకి పెడితే నిమిషంలో ఆగిపోతోంది. ఎందుకు?

తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. బయట చెట్లు విరిగిపడుతున్నాయి, లోపల రేడియో మూగబోయింది. కారణం తర్వాత తెలిసింది. చిన్న రేడియో లాగేది చాలా తక్కువ కరెంటు. అంత తక్కువ చూసి పవర్ బ్యాంక్ "ఫోన్ నిండిపోయింది" అనుకుని తనంతట తానే ఆగిపోతుంది. సన్న కరెంటు ఇచ్చే మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ అయితే ఆ మోడ్ పెట్టండి, కొన్నింటిలో బటన్ రెండుసార్లు నొక్కితే అది వస్తుంది. లేకపోతే రేడియో బ్యాటరీ బాగా తగ్గాకే పెట్టండి, అప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆగదు. తుఫాను వచ్చేదాకా ఆగకుండా ఇవాళే ఒకసారి పెట్టి చూసుకోండి.

వారం రోజులు కరెంటు లేకపోతే రేడియో ఎలా నడుపుకోవాలి?

2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకే అక్టోబరు వచ్చేసరికి ఒక జత కొత్త ఆల్కలైన్ సెల్స్ కవర్ విప్పకుండా పెట్టుకోండి, కాకపోతే మీ రేడియో సెల్స్‌తో నడిచేదై ఉండాలి. పలక బ్యాటరీ రేడియో అయితే రెండో బ్యాటరీ ఒకటి నింపి ఉంచండి. లెక్క తేలిక: 1000 ఎంఏహెచ్ బ్యాటరీ మీద రేడియో 50 ఎంఏ లాగితే 20 గంటలు. అదే మెమరీ కార్డు పాటలు, లైటు, పెద్ద సౌండ్ కలిసి 200 లాగితే 5 గంటలే. ఆ రోజుల్లో కార్డు పాటలు వద్దు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా ఆదా. వార్తల వేళకి ఆన్ చేసి, విన్నాక ఆపేయండి.

5 వోల్టుల చిన్న సోలార్ ప్యానెల్ ఉంటే మబ్బు విడిచాక పనికొస్తుంది. ప్యానెల్ ఎండలో, రేడియో నీడలో ఉండాలి. ఎండకి కాగిన లిథియం బ్యాటరీకి ఛార్జ్ ఎక్కించకూడదు, అందుకని వైరు కాస్త పొడవుది కొనండి.